మూడు ఫంకీ బ్లూస్ పాటల కోసం శంషాబాద్ దాకా

శంషాబాద్ వెళ్ళొచ్చానంటే చాలు, కాకినాడలో ప్రతివాడూ విమానాలు చూశావా అనే అడుగుతున్నాడు. చూశాను. నాలుగు రోజుల్లో లెక్కలేనన్ని విమానాల పొట్టలు చూశాను. కింద నిలబడ్డవాడికి విమానంలో కనిపించేది పొట్ట ఒక్కటే, దాంట్లో చూడ్డానికి ఏమీ లేదు. నేను వెళ్ళింది మూడు పాటల కోసం. ఎక్కడో అమెరికాలో నల్లజాతివాళ్ళు దిగులు పుట్టి పాడుకున్న పాటలు, అందులోనూ నడుం ఊగించే రకం, నేను శంషాబాద్ బజార్లో వెతుక్కోవలసి వచ్చింది. నా రాత అలా ఏడ్చింది. 2011 ఎండాకాలం సంగతి ఇది.

బయల్దేరక ముందు

నేను బేస్ గిటార్ వాయిస్తాను. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా చూసే ఉంటారు. ముందు పాడేవాళ్ళు, పక్కన కీబోర్డు, వెనక డ్రమ్ములు, ఆ డ్రమ్ములకీ షామియానా గుడ్డకీ మధ్య ఒకడు నాలుగు తీగల గిటారు పట్టుకుని నిలబడతాడు. వాణ్ణి మీరు చూసి ఉండరు. అది నేనే. పదిహేనేళ్ళు నిలబడ్డాను అక్కడ. పాట అడుగున దుమ్ముదుమ్ముమని ఓ లావు మోత ఉంటుందే, అది నా పని.

మా వైపు ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవాడు పాట విని నేర్చుకోడు. కీబోర్డాయన ఎడమచెయ్యి చూసి నేర్చుకుంటాడు. ఆయన వేలు ఎక్కడ పడితే మనమూ అక్కడే. మా ఆర్కెస్ట్రా యజమాని సత్యంగారే కీబోర్డు వాయించేవారు. కొత్త పాట వచ్చినప్పుడల్లా "ఇదిగో, చూసుకో" అని ఎడమచెయ్యి రెండుసార్లు ఆడించేవారు. అదే నా చదువు. ఆ పాట క్యాసెట్టు నేను విన్న పాపాన పోలేదు.

ఉగాది వెళ్ళిన మర్నాడు సత్యంగారు కొత్త కీబోర్డు తెచ్చి, అందరి ముందూ పెట్టె విప్పి, "దీంట్లో బేస్ దానంతటదే వస్తుందయ్యా ప్రసాదూ, నువ్వింక వేరే ఏదన్నా చూసుకో" అన్నారు. పదిహేనేళ్ళ మనిషికి చెప్పే పద్ధతా అది? కనీసం కాఫీ తాగించి చెప్పొచ్చు. కీబోర్డు మీద కప్పిన ప్లాస్టిక్ కాయితం పైన ఉన్నపాటి శ్రద్ధ కూడా నా మీద లేదు ఆయనకి.

ఆ వారంలోనే శ్రీను ఫోను చేశాడు. శ్రీనుది పిఠాపురం, మా దగ్గర డ్రమ్ములు వాయించి, రెండేళ్ళ కిందట హైదరాబాద్ పోయాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఓ పెద్ద హోటల్లో సాయంత్రాలు వాయించే బ్యాండులో ఉన్నాడు. వాళ్ళకి బేస్ మనిషి కావాలట. "అన్నయ్యా, సినిమా పాటలు కావు. బ్లూస్. అదీ ఫంకీగా ఉండాలి. వచ్చా నీకు?" అన్నాడు.

"బ్లూసా, యాభై పాటలు వచ్చురా" అన్నాను.

ఒక్కటి రాదు. అలా కోతలు కోసి ఉండకపోతే నాకీ ఏడుపు ఉండేది కాదు. కానీ ఈ ఉద్యోగం రాకపోతే గిటారు అమ్మేసి మా బావమరిది ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఆయన అప్పటికే రెండుసార్లు రమ్మన్నాడు, రెండోసారి నవ్వుతూ రమ్మన్నాడు. ఆ నవ్వు చూసి బస్సెక్కాను.

ఆరాంఘర్ దాటాక

మంగళవారం పొద్దున్న హైదరాబాద్‌లో దిగి, సిటీ బస్సు పట్టుకుని ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ వచ్చాను. గిటారుకి మా వీధి దర్జీ చేత రెక్సిన్ సంచీ కుట్టించుకున్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే బస్సులో ఇద్దరి చోటు పట్టింది. కండక్టరు "ఇదేంది, వీణనా?" అన్నాడు. గిటార్ అన్నాను. పక్కనాయన జిప్పు తీయించి మరీ చూసి, "నాలుగే తీగలున్నయ్, రెండు తెగినయా అన్నా?" అన్నాడు. బేస్ గిటారు భుజాన వేసుకున్న ప్రతివాణ్ణీ జీవితంలో వెయ్యిసార్లు అడిగే ప్రశ్న అది. ఏ ఊళ్ళోనైనా అడుగుతారు. ఇందులో శంషాబాద్‌ని ప్రత్యేకంగా తిట్టడానికి లేదు.

తిట్టడానికి వేరేవి ఉన్నాయి. రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు. ఎయిర్‌పోర్టుకి అయిదు నిమిషాలు, ఎయిర్‌పోర్టుకి అయిదు నిమిషాలు అని ప్రతి బోర్డూ అదే పాట. షాద్‌నగర్ దాకా ఇవే బోర్డులని పక్కనాయన చెప్పాడు. షాద్‌నగర్ నుంచి అయిదు నిమిషాల్లో ఎయిర్‌పోర్టుకి రావాలంటే విమానంలోనే రావాలి. బోర్డుల వెనక ఉన్నవి నాలుగు రాళ్ళూ, వాటికి వేసిన తెల్ల సున్నమూ, ఓ మేకా.

బస్టాండు దగ్గర లాడ్జీలో గది దొరికింది, రోజుకి మూడొందలు కిరాయి. టిఫిను సెంటర్లో ఇడ్లీ తిందామని కూర్చుంటే పల్లీ చట్నీ ఒక్కటే గరిటెడు పోశాడు. "అల్లం పచ్చడి లేదాండీ?" అంటే, "గదేంది?" అన్నాడు. ఇడ్లీలోకి అల్లం పచ్చడి ఏమిటని అడిగే మనిషిని నేను నలభై ఏళ్ళలో అతన్నొక్కణ్ణే చూశాను. పైగా "ఇంకా రెండు తింటవా?" అని ఏకవచనం. మా గోదావరి వైపు అప్పు ఎగ్గొట్టినవాణ్ణి కూడా ఏవండీ అనే తిడతాం. ఇక్కడ పొద్దున్నుంచీ నలుగురు నన్ను నువ్వన్నారు, నలుగురూ ఆ వెంటే అన్నా అని కూడా అన్నారు. కోప్పడాలో సంతోషించాలో తేలక ఇంకో రెండు ఇడ్లీ పెట్టమన్నాను.

గాజు హోటలు

మధ్యాహ్నం శ్రీను చెప్పిన హోటలుకి వెళ్ళాను. మొత్తం అద్దాలే. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు నా గిటారు సంచీ విప్పించి, అటూ ఇటూ తిప్పి, లోపల ఏమైనా ఉందేమో అని ఊపి చూశారు. గిటారు ఊపితే ఏం మోగుతుంది? మోగనందుకు అనుమానపడ్డట్టు ఇంకోసారి ఊపారు. లోపల కాఫీ ధర నూట నలభై అని రాసి ఉంది. గేటు బయట చాయ్ ఆరు రూపాయలు. నూట నలభై పెట్టి తాగేవాళ్ళ మొహాలు చూశాను, ఆరు రూపాయల చాయ్ తాగినవాడి మొహంలో ఉన్న ఆనందం ఒక్కడి మొహంలోనూ లేదు.

బ్యాండుకి పెద్ద ఎడ్విన్‌గారు. సికింద్రాబాదు మనిషి, అరవై దాటాయి, రైల్వేలో గుమస్తాగా రిటైరై ఇప్పుడు గిటారు వాయించి పాడతారు. శ్రీను నన్ను ఆయనకి చూపిస్తూ, "మా అన్నయ్య బ్లూస్‌లో పులి సార్" అన్నాడు. నేను వాడికి కూడా నిజం చెప్పలేదు మరి. ఎడ్విన్‌గారు సంతోషించి, "అయితే నీ ఇష్టం బాబూ. నీకు నచ్చినవి ఏవైనా మూడు. మాకు అన్నీ వచ్చు" అన్నారు. నేర్పించండి అనడానికి అదే ఆఖరి అవకాశం. తల ఊపి ఊరుకున్నాను.

అప్పుడు వచ్చాడు మేనేజరు. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో పేరు రాసిన బిళ్ళ, చేతిలో రెండు ఫోన్లు. నా వంక చూడకుండా ఎడ్విన్‌గారితో, "మళ్ళీ ఇంకో మనిషెందుకండీ? ఆ మోతంతా లాప్‌టాప్‌లో వస్తుంది కదా. అసలు అది ఎవరికి వినపడుతుందని?" అన్నాడు.

"వినపడదు సార్, కానీ ఉండాలి" అన్నారు ఎడ్విన్‌గారు.

"వినపడని దానికి నేను జీతం ఎలా రాయను?" అని కాసేపు ఫోన్ చూసుకుని, "శుక్రవారం మూడు గంటలకి ఖాళీ. మూడు పాటలు వాయించమనండి. నాకు తేడా తెలిస్తే సరే. తెలియకపోతే లాప్‌టాప్" అన్నాడు.

నిజం చెప్పాలంటే అతని మీద ఒళ్ళు మండింది. సత్యంగారు పెట్టె విప్పి చెప్పారు, ఇతను ఫోన్ చూసుకుంటూ చెప్పాడు, మాట మాత్రం ఒకటే. బయటికొచ్చి ఆరు రూపాయల చాయ్ రెండోది తాగాను.

సెల్ పాయింట్

బుధవారం పొద్దున్న పాటల వేటలో పడ్డాను. శంషాబాద్ బజార్లో క్యాసెట్ల కొట్టు అనేది ఎప్పుడో చచ్చిపోయింది. ఉన్నవన్నీ రీచార్జీ కొట్లు. మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించి పెడతారు. మొదటి కొట్లో బ్లూస్ అంటే, అలాంటి సినిమా రాలేదన్నాడు. రెండో కొట్లో ఇంగ్లీషు పాటలని చెప్పి ఏవో డిస్కో మోతలు వినిపించాడు. మూడోది స్వరూప సెల్ పాయింట్. కౌంటర్లో కూర్చున్నది స్వరూపే. నా ఈడు మనిషే, కళ్ళద్దాలు, ముందు ఓ కంప్యూటరు, పక్కన జాకెట్టు ముక్కల కట్ట. రీచార్జీలు లేనప్పుడు చీరలకి ఫాల్స్ కుడుతుందట.

"బ్లూస్ అంటే ఏంది?" అని అడిగింది.

"పడమటి దేశాల పాటలమ్మా. దిగులు పాటలు."

"దిగులు పాటలా? గవి మస్తు అడుగుతరు మా దగ్గర. లవ్ ఫెయిలయినోళ్ళు వస్తరు దినాం."

"అవి కాదు. ఇవి ఫంకీగా ఉండాలి. అంటే ఎగిరేలా."

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని నన్ను తేరిపార చూసింది. "దిగులంటివి, మళ్ళ ఎగురుడంటివి. దిగులున్నోడు ఎట్ల ఎగురుతడన్నా?"

యాభై పాటలు వచ్చినవాడైతే చెప్పగలిగేవాడు. చిరాకు కప్పుకోవడానికి గట్టిగా, "నేను బేస్ గిటార్ వాయిస్తాను. నేర్చుకోవడానికి కావాలి" అన్నాను.

"గట్ల చెప్పు మరి. ముందే చెప్తే అయిపోతుండె" అని ఆమె ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఏదో కొట్టింది. తెర నిండా పేర్లు వచ్చాయి. "బేస్ గిటారోళ్ళు నేర్చుకునేవి అని కొట్టిన. చూడు, ఎన్నున్నయో. నీ అసుంటోళ్ళు మస్తుమంది ఉన్నరు దునియాల."

పదకొండు పాటలు ఎంచింది. నెట్టు నత్తలా నడిచింది, మధ్యలో రెండుసార్లు తెగి మళ్ళీ వచ్చింది. ఒక్కో పాటకి పావుగంట. మధ్యాహ్నమైంది, ఆమె టిఫిన్ డబ్బా విప్పి, "తిన్నవా అన్నా?" అని అడిగి, నేను తిన్నానని అబద్ధం చెప్పేలోపు మూతలో జొన్న రొట్టె, పక్కన పచ్చిపులుసు పెట్టేసింది. మా వైపు పచ్చిపులుసంటే కాల్చిన వంకాయ ఉండాలి. ఇందులో ఉల్లిపాయలూ నువ్వుల పొడీను. వంకాయ లేని పచ్చిపులుసేం పచ్చిపులుసని మనసులో ఈసడించుకుంటూ మూడు రొట్టెలు తిన్నాను. ఓ విమానం కొట్టు కప్పు మీంచి పోయింది. గ్లాసులు అదిరాయి. "మా మామోళ్ళ జొన్న చేను గిప్పుడు వీటి కిందనే ఉన్నది" అంది ఆమె, ఊరగాయ కావాలా అన్నంత మామూలుగా. రొట్టె బాగుందన్నాను.

ముప్పై రూపాయలు తీసుకుంది. బ్లూస్ అంటే సినిమా అనుకునే ఊళ్ళో పదకొండు బ్లూస్ పాటలు ముప్పై రూపాయలకు కొన్నానని గొప్పగా లాడ్జీకి వెళ్ళాను.

లాడ్జీ గది

పాటలు వినపడ్డాయి. డ్రమ్ములు వినపడ్డాయి. గిటారు బ్రహ్మాండంగా వినపడింది. పాడేవాడు గొంతు చించుకుంటున్నాడు, ఎవరో పాపం వాణ్ణి వదిలేసి పోయినట్టుంది. నాకు కావలసిన బేస్ మాత్రం వినపడలేదు.

ముందు ఫోన్‌ని తిట్టాను. ఇయర్‌ఫోన్లు కొన్నాను, నలభై రూపాయలవి. లాభం లేదు. వాటిని తిట్టి నూట ఇరవైవి కొన్నాను. లేదు. గురువారం పొద్దున్న రెండొందల యాభైవి కొన్నాను. పాడేవాడు ఊపిరి పీల్చడం కూడా వినపడింది, బేస్ లేదు. లాడ్జీ గోడల్ని తిట్టాను, పది నిమిషాలకోసారి నెత్తి మీంచి పోయే విమానాల్ని తిట్టాను, పదిహేనేళ్ళు నన్ను పెద్ద స్పీకర్ల పక్కన నిలబెట్టి చెవులు పాడు చేశారని సత్యంగారిని తిట్టాను. చివరికి గిటారు భుజాన వేసుకుని, ఆ కార్డు పట్టుకుని స్వరూప మీదికి పోయాను.

"ఇవేం పాటలమ్మా? అడుగున మోతే లేదు. ఏదో నకిలీ సరుకు ఎక్కించావు."

ఆమె ఇయర్‌ఫోన్ తీసుకుని, ఒక పాట సగం వింది. "పాట మంచిగనే ఉన్నది. నకిలీ అంటవేంది? పైసలు తీసుకుని నకిలీ ఇచ్చేదాన్నా నేను?" అంది. కోపం వచ్చింది ఆమెకి, అది న్యాయమే. తర్వాత తనే తగ్గి, "నీ ఫోన్ల తెలుస్తలేదేమో. గగన్‌పహాడ్‌ల యాదగిరి అని ఉన్నడు, కార్లకు మోత డబ్బాలు బిగిస్తడు. ఆయన దగ్గర పెట్టి విను. భూమి అదుర్తది. ఆడ కూడా వినపడకుంటే అప్పుడు నన్ను తిట్టు" అంది.

గగన్‌పహాడ్

గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీల ప్రహరీలూ, లారీలూ, దుమ్మూ తప్ప ఏమీ లేదు. చూడదగ్గ ప్రదేశాల్లో దీన్ని ఎవరూ రాయరు, నేనూ రాయను. యాదగిరి షెడ్డు హైవే పక్కనే ఉంది. యాభై ఏళ్ళ మనిషి, చెవిలో పెన్సిలు, ఓ తెల్ల క్యాబు డిక్కీలో సగం దాకా దూరి పని చేస్తున్నాడు. సంగతి చెప్పాను. కార్డు తీసుకుని క్యాబులో పెట్టాడు. డిక్కీలో చెక్క డబ్బా, అందులో అన్నం పళ్ళెమంత స్పీకరు.

బ్లూస్ పాట మొదలైంది. యాదగిరి డబ్బా మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత ఆపి, ఆ క్యాబు డ్రైవరుదే ఏదో సినిమా పాట పెట్టాడు. షెడ్డు రేకులు గడగడలాడాయి. మళ్ళీ నా పాట పెట్టాడు. రేకులు కిక్కురుమనలేదు.

"దీంట్ల బేసే లేదన్నా" అన్నాడు.

"లేకపోవడమేంటి?"

"లేదంటే లేదు. ఇరవై ఏండ్ల సంది డబ్బాలు బిగిస్తున్న, ఉంటే నా చేతికి తెలుస్తది. ఇది ఖరాబైంది కాదు. కావాలనే తీసిన్రు. చూడు, తక్కినయన్నీ మంచిగున్నయ్. నేర్చుకునేటోడు వాయించుకోవాలని ఆ ఒక్కదాని జాగ ఖాళీగ విడిచిపెట్టిన్రు." పెన్సిలు చెవిలోంచి తీసి, నిజంగానే తెలుసుకుందామని, "నువ్వు వాయించేది ఏం గిటారంటివి?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. స్వరూప నకిలీ సరుకు ఇవ్వలేదు, సరిగ్గా నేనడిగిందే ఇచ్చింది. బేస్ వాళ్ళు నేర్చుకునే పాటల్లో బేస్ ఎందుకుంటుంది, అది వాయించాల్సింది వాళ్ళే కదా. ఒకటిన్నర రోజు, మూడు జతల ఇయర్‌ఫోన్లు, పదకొండు పాటలు. బేస్ కోసం వెతుకుతూ వెతుకుతూ, అది లేదన్న సంగతి పదిహేనేళ్ళ బేస్ గిటారిస్టుకి తట్టలేదు. ఎప్పుడైనా వింటే కదా తట్టడానికి. నేను చూసింది సత్యంగారి ఎడమచెయ్యి. మేనేజర్ని తిట్టుకున్నాను గానీ, అది ఎవరికి వినపడుతుందని అతనడిగితే, నాకే వినపడదని చెప్పాల్సిన వెధవని. అక్కడ లారీల దుమ్ములో నిలబడి నా మీద నాకు వేసినంత అసహ్యం సత్యంగారి మీద కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

యాదగిరి పెన్సిలు మళ్ళీ చెవిలో పెట్టుకుని, "ఇగ పరేషాన్ ఎందుకు? జాగ ఖాళీగున్నది, నువ్వే వాయించు. వైరు పెడ్త" అన్నాడు.

గిటారు వైరు తెచ్చి డబ్బాకి కలిపాడు. క్యాబు వెనక సీట్లో, తలుపు తెరుచుకుని, కాళ్ళు బయట పెట్టి కూర్చున్నాను. పాట పెట్టాడు. చూడ్డానికి ఎవరి ఎడమచెయ్యీ లేదు. లావు తీగ ఒకటి మీటాను. ఆ మోత నా పొట్టలో పడింది. నా మోత నేను వినడం అదే మొదలు, ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పాడేవాడి ఏడుపు వింటూ, గిటారు ఎటు పోతే అటు తడుముకుంటూ, తప్పు పడ్డ చోట తీసేసి, బాగున్న చోట ఉంచుకుంటూ పోయాను. మూడు పాటలు ఎంచుకుని వాటినే మళ్ళీ మళ్ళీ పట్టాను. యాదగిరి తన పని తను చేసుకుంటూనే, "మస్తు ఎక్కువ కొడ్తున్నవ్. ఆయన పాడుతుంటే నడుమల నీకేం పని? జర ఆగి కొట్టు" అన్నాడు. కార్లకి మేకులు కొట్టేవాడు నాకు చెప్పడమేమిటని వినిపించుకోలేదు. పావుగంట తర్వాత ఆగి కొట్టి చూశాను. పాట నడుం ఊగింది. దిగులున్నవాడు ఎలా ఎగురుతాడో అప్పుడు కాస్త తెలిసింది.

సాయంత్రం అయిదింటికి డ్రైవరు వచ్చి కిరాయికి పోవాలె అంటూ నన్ను దింపేశాడు. యాదగిరి పైసలు పుచ్చుకోలేదు. "నాకేం, వింటా పని చేసిన" అన్నాడు. దార్లో స్వరూప కొట్టు దగ్గర దిగి, తప్పు నాదేనని చెప్పాను. "నేను కరెక్టుగనే కొట్టిన" అంది ఆమె, ఫాల్ కుట్టుకుంటూ, తల ఎత్తకుండా.

శుక్రవారం, మూడు గంటలు

హోటల్లో మేనేజరు ఓ మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండు ఫోన్లూ బల్ల మీద, కళ్ళు వాటి మీద. ఎడ్విన్‌గారికి నా ఫోన్లో మూడు పాటల పేర్లు చూపించాను. "మంచివి ఎంచావు" అన్నారు. నేను ఎంచలేదు, గగన్‌పహాడ్‌లో చేతికి దొరికినవి.

మొదటి పాట అయింది. ఎడ్విన్‌గారు నన్ను వింతగా చూసి, మెల్లిగా, "ఈ పాటకి బేస్ ఇది కాదే. ఎక్కడ విన్నావు?" అన్నారు. ఇంక దాచి లాభం లేదు. వినలేదండీ, బేస్ లేని పాటలు తెచ్చుకున్నాను, ఇది నేను కట్టుకున్నది, నాకు ఒక్క బ్లూస్ పాట కూడా రాదు, అని మొత్తం కక్కేశాను. శ్రీను నవ్వాపుకోలేక డ్రమ్ము మీద తల పెట్టేశాడు. ఎడ్విన్‌గారు నవ్వలేదు. "రానివాడివి రాదని మంగళవారమే చెప్పొచ్చుగా. సరే, నువ్వు కట్టుకున్నదే వాయించు. బానే ఉంది" అన్నారు.

రెండో పాట అయింది. మేనేజరు తల ఎత్తలేదు. ఎవరికో ఫోన్లో రూముల సంగతి చెబుతున్నాడు. నాకు ఎరువుల వాసన కొట్టింది. మా వాళ్ళు ఇంత శ్రమపడి వాయిస్తుంటే ఈ మనిషికి ఒక్క కాలి వేలైనా కదలదేమని ఉడికిపోయాను. "మూడోది కూడా కానిచ్చేయండి, నాకు నాలుగింటికి మీటింగు" అన్నాడు, ఫోన్‌తోనే అంటున్నట్టు.

మూడో పాట మొదలుపెట్టాం. అది ముగ్గురికీ కుదిరింది. శ్రీను కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, ఎడ్విన్‌గారి గొంతు రాయిలా ఉంది, నేను యాదగిరి చెప్పినట్టు ఆగి ఆగి కొడుతున్నాను. సరిగ్గా సగంలో నాకు పాట అయిపోయింది. స్వరూప కొట్లో ఆ పాట ఎక్కుతుండగా నెట్టు తెగింది, నా కార్డులో ఉన్నది సగమే. ఆ సగమే పాటంతా అనుకుని నేర్చుకున్నాను. చెయ్యి తనంతట అదే ఆగిపోయింది. వాళ్ళిద్దరూ ముందుకి పోతున్నారు. ఎటు పోతున్నారో నాకు తెలియదు. గిటారు పట్టుకుని నిలబడ్డాను, అయిపోయింది, కాకినాడ బస్సే ఇంక అనుకున్నాను.

మేనేజరు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీశాడు. ముందు పైకప్పు కేసి చూశాడు, తర్వాత స్పీకర్ల కేసి, తర్వాత మా కేసి. "ఏమైంది? ఎందుకు ఆపేశారు?" అన్నాడు.

శ్రీను వాయిస్తూనే ఉన్నాడు. ఎడ్విన్‌గారు గిటారు ఆపకుండానే, పాటలో కాస్త ఖాళీ చూసుకుని, "మేం ఆపలేదు సార్. ఆయన ఒక్కడే ఆపాడు" అన్నారు.

మేనేజరు లేచి నిలబడి నా వంక చూశాడు. మంగళవారం నుంచీ అతను నన్ను చూడ్డం అదే మొదలు. నా చేతుల్ని చూశాడు, నాలుగు తీగల్నీ చూశాడు. తర్వాత మళ్ళీ ఎడ్విన్‌గారితోనే, "ఒకటో తారీఖు నుంచి రమ్మనండి. ఆ పాట చివరిదాకా నేర్చుకుని రమ్మనండి" అని ఫోన్లు తీసుకుని మీటింగుకి పోయాడు.

గిన్నెలు తోమే గది పక్కన నిలబడి కాసేపు ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పడానికి. పదిహేనేళ్ళు వాయించాను, ఒక్కడికీ వినపడలేదు. ఒక్క నిమిషం వాయించడం మానేశాను, ఉద్యోగం దానికి ఇచ్చారు.